తనంతట తాను చెడిన ఫ్రిజ్

కొత్తగా ఈ దస్తావేజులు రాసే పనిలోకి వచ్చిన మీలో కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, సామాన్లతో సహా ఇల్లు కిరాయికిస్తే, ఆ సామాన్లు చెడిపోయినప్పుడు ఎవరు బాగుచేయించాలని రాయాలి? మీ పాత నమూనా ఒకటి పంపరా?" అని అడుగుతారు. నేను పంపను. ముసలాయనకు పిసినారితనం అనుకుంటారేమో. అది కాదు. ఆ నమూనా చేసిన ఘనకార్యం నాకు తెలుసు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సూర్యాపేటలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురు వరుసలో నా బల్ల ఉండేది. అమ్మకాలు, పంపకాలు, కిరాయినామాలు, ఏవైనా రాసేవాణ్ణి. అంతకుముందు మిర్యాలగూడలో ఒక పెద్దాయన దగ్గర ఏడేళ్లు రాత నేర్చుకున్నాను. కాగితం చదివినవాడికి ముందు భయం కలగాలని, అర్థం కావడం తర్వాతి సంగతని ఆయన నమ్మకం. ఆయన శిష్యుల్లో నేనే ముందున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో అదే నా గొప్ప. ఒక వాక్యం మొదలుపెడితే పేజీ చివర దాకా చుక్క పెట్టేవాణ్ణి కాదు.

నా పక్క బల్ల టైపిస్టుది. నాకంటే పదేళ్లు చిన్న. టైపు మిషన్ కాలం నుంచి కంప్యూటర్ కాలం దాకా నా పక్కనే కూర్చుంది. నేను చెబుతుంటే టైపు చేయడం ఆమె పని. చేస్తూ చేస్తూ నన్ను ఆటపట్టించడం ఆమెకు కాలక్షేపం. ఆమె ఇంటర్ పాసైంది, నేను పదో తరగతి. ఈ తేడా ఆమె ఏనాడూ ఎత్తలేదు. నేనే మరిచిపోలేదు.

ఒక దసరా సెలవుల్లో ఒక రిటైరైన బస్సు డ్రైవర్, ఒక టీచరమ్మ కిరాయినామా కోసం నా దగ్గరికి వచ్చారు. డ్రైవర్‌ది పాలకీడు వైపు ఊరు. గొర్లు కాసే కుటుంబంలో మొదటిసారి ఉద్యోగం చేసినవాడు. సూర్యాపేటలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుని తాను కింద ఉంటూ పై భాగం కిరాయికిస్తున్నాడు. టీచరమ్మది కోదాడ. బదిలీ మీద మునగాల వైపు ఒక బడికి వచ్చింది. భర్త మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్, ఆదివారాలు వచ్చిపోతాడు. భార్యాభర్తలు చెరో దిక్కు కాబట్టి, సామాన్లున్న ఇల్లయితే మోసుకునే బాధ తప్పుతుందని ఈ ఇల్లు చూసుకున్నారు.

డ్రైవర్ మహా ఉషారుగా ఉన్నాడు. "హైదరాబాద్‌ల అందరు గిట్లనే ఇస్తున్నరంట సారూ. మంచాలు, ఫ్రిజ్జు, బట్టలుతికే మిషను, గీజరు, అన్నీ పెట్టిన. ఈ బిడ్డ సూట్‌కేస్ పట్టుకొని వస్తె సాలు."

"బాబాయి గారు మంచోరండి. ఫ్రిజ్ మీద కప్పడానికి పిన్నిగారు అల్లిన గుడ్డ కూడా ఇచ్చారు" అంది టీచరమ్మ.

బాబాయి, బిడ్డ. అంతా సంబరంగా ఉంది. అలాంటి సంబరం చూస్తే నా చేయి ఊరుకోదు. సామాన్ల జాబితా రాయించాక, ఒక షరతు చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా ఇప్పటికీ గుర్తుంది: "సదరు సామానులు వాడుకలో చెడినచో కిరాయిదారును, తమంతట తాము చెడినచో ఇంటి యజమానియు, స్వంత ఖర్చులతో బాగుచేయించుటకు బాధ్యులు."

టైపిస్టు వేళ్లు ఆగాయి. "సార్, తమంతట తాము చెడుడంటె ఎట్ల? మనం వాడకపోతె చెడిందని ఎట్ల తెలుస్తది?"

"నువ్వు టైపు చెయ్యమ్మా. ఇది పాత రాత."

"ఫ్రిజ్జు కొత్తది గద సార్" అంటూనే చేసింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. చాయ్ తాగారు. ఆ వాక్యం మరోసారి నాలో నేను చదువుకుని మురిసిపోయాను.

ఐదారు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఒంటిపూట బడులు మొదలయ్యాయి, ఎండలు ముదిరాయి. ఒక శనివారం మధ్యాహ్నం టీచరమ్మ బడి నుంచి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో కిరాయినామా.

"సార్, నిన్న రాత్రి ఫ్రిజ్ ఆగిపోయిందండి. నేనేం చేయలేదు. తెల్లారి చూస్తే నీళ్లు కారుతున్నాయి. ఓనర్ గారేమో వాడుకలో చెడింది, మీరే చేయించుకోవాలంటున్నారు. వాడకుండా ఉంటే అది అసలు ఫ్రిజ్ ఎలా అయితదండీ?"

బాబాయి గారు ఓనర్ గారయ్యారని అప్పుడే గమనించాను. ఆ గమనింపుకు నవ్వు కూడా వచ్చింది.

"తొందరపడకండి మేడం. మీరు ముందుగా మెకానిక్కును పిలిచి బాగుచేయించారనుకోండి, తప్పు మీదేనని ఒప్పుకున్నట్టయితది. ఆయన్నే పిలవనియ్యండి" అన్నాను.

"కానీ సార్, మా అమ్మ నాతోనే ఉంటదండి. ఆమె ఇంజక్షన్ మందు అందులోనే పెడతాం. చల్లగా ఉండాలి."

"మందులు వేరే ఎక్కడన్న పెట్టుకోండి. అసలు విషయం అది కాదు."

ఈ మాట నేను అన్నాను. తర్వాత చాలాసార్లు అనలేదని నన్ను నేను నమ్మించుకోవడానికి ప్రయత్నించాను గానీ, పక్కన సాక్షి ఉంది.

గంటలోపే డ్రైవర్ వచ్చాడు. "ఏంది సారూ గీ లొల్లి? టీచరమ్మ మాట్లాడుతలేదు. చేయించి పడేద్దామా అనుకుంటున్న."

బిడ్డ కూడా టీచరమ్మ అయిపోయింది. ఆయనకూ అదే మంత్రం చెప్పాను. "మీరు ముందుగాల చేయిస్తే తప్పు మీదని ఒప్పుకున్నట్టే. రేపు గీజరు పోతది, మిషను పోతది, అన్నీ మీ నెత్తినే పడతయి."

ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. టైపిస్టు నావైపు తిరిగి, "ఇద్దరికీ ఒక్కటే సలహా ఇచ్చిన్రు సార్. ఇగ ఎవ్వలు కదలరు" అంది.

"న్యాయం ఇద్దరికీ సమానంగా ఉండాలమ్మా" అన్నాను. అంత ధీమాగా ఉన్నాను మరి.

సోమవారం ఇద్దరూ కలిసే వచ్చారు. కలిసి అంటే ఒకే సమయానికి. ఒకరు బల్లకు ఈ పక్క, ఒకరు ఆ పక్క నిలబడ్డారు. ఫ్రిజ్ ఎందుకు ఆగిందో చూడడానికి మాత్రం, బాగుచేయడానికి కాదు సుమా, మెకానిక్కును పిలిపించారట. అతను ఫ్రిజ్‌ను గోడ నుంచి జరిపి చూసి, వెనుక వైరును ఎలుక కొరికిందని చెప్పి వెళ్లిపోయాడు.

"ఎలుక వాళ్లదే సారూ" అన్నాడు డ్రైవర్. "వాళ్ల బియ్యం సంచి కోసమే వచ్చింది. మేమున్నన్నాళ్లు ఒక్క ఎలుక కనపడలే."

"బియ్యం మాదేనండి. అది వచ్చిన బొక్క ఆయన గోడది. బొక్కను నేను కిరాయికి తీసుకోలేదు. జాబితాలో చూడండి కావాలంటే."

డ్రైవర్ నిజంగానే జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు. "సారూ, బొక్క రాసిన్రా?"

"రాయలేదు."

"ఎలుకను గూడ రాయలేదు" అంది టైపిస్టు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

ఎలుక కొరికితే అది వాడుకలో చెడినట్టా, తనంతట తాను చెడినట్టా? ఫ్రిజ్ తనంతట తాను చెడలేదు, ఎలుక చెడగొట్టింది. టీచరమ్మ వాడినందుకూ చెడలేదు. నా అందమైన వాక్యంలో రెండు గదులున్నాయి, ఎలుక రెండింటిలోనూ దూరలేదు. నాకు చిరాకు రావాల్సింది పోయి మహా హుషారు వచ్చింది. అంత చిక్కు సమస్య నా బల్ల మీదికి వచ్చి చాలా రోజులైంది. "గురువారం నాలుగింటికి రండి. ఆలోచించి చెబుతాను" అని పంపించాను.

ఆ రాత్రి మిర్యాలగూడ పెద్దాయనకు ఫోన్ చేశాను. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. అంతా విని, "ఎలుక దైవాధీనం కిందికి వస్తది. పిడుగు లెక్క రాయి" అన్నాడు. మర్నాడు ఈ సంగతి టైపిస్టుకు చెబితే, "అయితె గురువారం దేవుణ్ణి గూడ పిలవాలె సార్. ఇంకో కుర్చీ ఎయ్యమంటరా?" అని అడిగింది.

గురువారం నాటికి నేను ఒకటిన్నర పేజీల రాజీ కాగితం తయారుచేశాను. అందులో ఎలుకలు, పందికొక్కులు, బల్లులు, చీమలు, వాటి మూలంగా కలిగే నష్టాలు, అన్నీ వరుసగా ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. నాలుగైంది. నాలుగున్నరైంది. ఎవరూ రాలేదు.

"మనం ఇంత కష్టపడి రాస్తే, వచ్చే బాధ్యత కూడా లేదు వీళ్లకు" అన్నాను.

టైపిస్టు డ్రైవర్‌కు ఫోన్ చేసింది. ఆమె ముఖం మారడం చూశాను. ఫోన్ పెట్టేసి, "దవాఖానల ఉన్నరంట సార్. టీచరమ్మ వాళ్లమ్మకు బాగలేదంట. పోదాం పదండి" అంది. ఇద్దరం ఆటో ఎక్కాం.

జరిగింది ఇది. పొద్దున డ్రైవర్ మెట్ల పక్కన నిలబడి, గోడకున్న బొక్కను టేపుతో కొలుస్తున్నాడు. ఆ బొక్కలో ఎలుక పట్టదని సాయంత్రం నా ముందు రుజువు చేయడానికి. అప్పుడు పైనుంచి ఏదో స్టీలు గిన్నె పడి దొర్లిన చప్పుడైంది. ఎవరూ తీసిన అలికిడి లేదు. పిలిచాడు. పలకలేదు. పైకి పోయి చూస్తే టీచరమ్మ తల్లి వంటింటి గడప దగ్గర పడి ఉంది. స్పృహ ఉందీ లేనట్టుగా ఉంది, నీళ్లు నీళ్లు అంటోంది. ఆయన ఆమెను చేతుల మీద మెట్లు దించి, పక్కింటివాళ్ల కారు తాళం అడిగి, తన భార్యను వెనుక కూర్చోబెట్టి దవాఖానకు తోలాడు. టీచరమ్మ ఆ పూట పరీక్షల డ్యూటీలో ఉంది, ఫోన్ దగ్గర లేదు. సంగతి తెలిసి మునగాల నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

మేము వెళ్లేసరికి పెద్దావిడకు సెలైన్ ఎక్కుతోంది. షుగర్ విపరీతంగా పెరిగిపోయిందట. గండం గడిచిందని చెప్పారు. మంచం పక్కన నర్సు చిన్న సీసా ఒకటి వెలుతురుకు పెట్టి చూస్తోంది.

"ఇన్సులిన్ ఎక్కడ పెట్టిన్రమ్మా?"

"ఫ్రిజ్ పాడైంది సిస్టర్. మా సందు చివర ఐస్‌క్రీం షాపుంది. వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టించాను."

"గడ్డకట్టిందా?"

టీచరమ్మ తల్లివైపు తిరిగింది. మంచం మీద నుంచి పెద్దావిడే నెమ్మదిగా చెప్పింది. రోజూ పొద్దున తనే నడిచి వెళ్లి తెచ్చుకునేదట. రాయిలాగా ఉండేదట. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కరిగేదాకా కూర్చుని, సూది వేసుకునేదట.

"ఒకసారి గడ్డకడితె ఇగ అది పనిచేయదమ్మా. నీళ్లతోని సమానం" అంది నర్సు. అని కొత్త సీసా కోసం వెళ్లింది.

డ్రైవర్ అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందుకొచ్చాడు. "మందు సంగతి నాకెందుకు చెప్పలే బిడ్డా? మా ఇంట్ల ఫ్రిజ్జు లేదా? పది మెట్లు దిగితె ఉన్నది గద. నీకు నాకు కొట్లాట గని, అక్కతోని నాకేం కొట్లాట?"

"ఎలా అడగను బాబాయి?" టీచరమ్మ ఏడ్చేసింది. "నేను కిందికొచ్చి అడిగితే తగ్గినట్టు అయితదనుకున్నా. ఎవరు ముందు కదిలితే వాళ్లదే తప్పన్నారు కదా సారు."

"నాకు గూడ గదే చెప్పిండు. శనివారం నాడే చేయిద్దామని పోతె ఆపిండు."

ఇద్దరూ నావైపు చూశారు. ఐదు రోజులుగా ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం నేనే. నా జేబులో ఎలుకలు, పందికొక్కుల కాగితం ఉంది. నాకు మందు సంగతి తెలియదు అనబోయాను. నిజంగానే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. టైపిస్టు నా పక్కనే నిలబడి ఉంది. ఆమె నన్ను బయటపెట్టలేదు. ఎన్నో ఏళ్లుగా ప్రతి చిన్నదానికీ నన్ను ఏడిపించిన మనిషి, అడిగితే చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, ఆ క్షణాన నోరు మెదపలేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"టీచరమ్మ నాకు చెప్పింది. మందు చల్లగ ఉండాలని చెప్పింది. నేనే వినలేదు. వేరే ఎక్కడన్న పెట్టుకోమన్న. తప్పు నాది" అన్నాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. డ్రైవర్ ఒక స్టూలు లాగి, "కూసోండి సారూ, చెమటలు పడుతున్నయి" అన్నాడు. కూర్చున్నాను. రాత్రి దాకా అక్కడే కూర్చున్నాను.

రెండో రోజు మళ్లీ చూడడానికి వెళ్తే, పెద్దావిడ దిండుకు ఆనుకుని ఇడ్లీ తింటోంది. నన్ను చూసి, "మీరేనా అండీ ఆ కాగితం రాసింది? మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. చాలా బాగుందండి. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ" అంది. ఆటపట్టిస్తోందో, నిజంగానే మెచ్చుకుంటోందో నాకు ఇప్పటికీ తేలలేదు. నేను దండం పెట్టాను.

ఇక ఫ్రిజ్ సంగతి. ఆదివారం పొద్దున టీచరమ్మ భర్త మిర్యాలగూడ నుంచి తనకు తెలిసిన మెకానిక్కును బైకు మీద ఎక్కించుకుని వచ్చాడు. సరిగ్గా అదే వేళకు డ్రైవర్ సూర్యాపేట మెకానిక్కును పంపించాడు. ఇద్దరు మెకానిక్కులూ మెట్ల మధ్యలో ఎదురుపడ్డారు. నేను బాగుచేయిస్తానంటే నేను బాగుచేయిస్తానని డ్రైవర్, టీచరమ్మ భర్త అరగంట వాదించుకున్నారు. పోయిన సోమవారం రెండిళ్లవాళ్లూ ఎంత గట్టిగా కాదన్నారో ఆదివారం నాడు అంత గట్టిగా అవునన్నారు. చివరికి ఊరి మెకానిక్కు వైరు మార్చాడు. మిర్యాలగూడ అతను ఖాళీగా పోవడం ఇష్టంలేక గీజరు విప్పి శుభ్రం చేశాడు. డ్రైవర్ బొక్కకు సిమెంటు పెట్టాడు. టీచరమ్మ బియ్యాన్ని మూతున్న డబ్బాలోకి మార్చింది. ఆ ఎలుక ఎవరి కిందికి వస్తుందో తేల్చమని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సోమవారం వాళ్లు కిరాయినామా తిరగరాయించడానికి వచ్చారు. నేను కలం తీయలేదు. "నువ్వే రాయమ్మా" అని టైపిస్టుతో అన్నాను. ఆమె ఒక్క నిమిషం నన్ను అనుమానంగా చూసి, టకటకా కొట్టేసింది: "ఏ వస్తువు చెడిపోయినా ఇద్దరిలో ఎవరికి ముందు వీలైతే వాళ్లు బాగుచేయించాలి. ఎవరి బాధ్యతో తర్వాత కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకునేదాకా ఒకరి వస్తువు ఒకరు వాడుకోవచ్చు." మూడు వాక్యాలు, మూడు చుక్కలు. చివరి వాక్యం చట్టం ముందు నిలుస్తుందా అని నాకు అనుమానం. "సదరు" అన్న మాట ఒక్కటైనా పెడదామని చేయి దురద పెట్టింది కూడా. ఆపుకున్నాను. సాక్షి సంతకం మాత్రం నేనే పెట్టాను.

చట్టం తెలిసిన మీరు అడగవచ్చు, అసలు బాధ్యత ఎవరిదని. ఇచ్చినప్పుడు పనిచేసే వస్తువు ఇవ్వడం, మామూలు అరుగుదలకు చేయించడం ఇంటాయన పని. పగలగొడితే, పట్టించుకోకుండా పాడుచేస్తే కిరాయికున్నవాళ్ల పని. ఇంతవరకు రాయడం కష్టం కాదు, రాయండి కూడా. మధ్యలోకి ఎలుకో, పిడుగో, తక్కువ కరెంటో వస్తూనే ఉంటుంది. అవన్నీ జాబితా వేయాలని చూసినవాడి జేబులో ఎలాంటి కాగితం మిగిలిందో మీకు చెప్పాను.

ఆ తర్వాతి వారం ఒక ఇంటాయన, కిరాయికి దిగబోయే భార్యాభర్తలు వచ్చారు. ఏసీ, మంచాలు, టీవీ, పొయ్యి, అన్నీ రాసుకున్న జాబితా నా ముందు పెట్టారు. నేను జాబితా పక్కకు జరిపి, "ఇంట్ల ఎవరెవరుంటరు?" అని అడిగాను.

ఇంటాయనకు చిరాకు వచ్చింది. "సామాన్లు రాయమంటే మనుషుల సంగతి ఎందుకు సార్?"

"చెప్పనియ్యండి."

"మేమిద్దరం, మా మామ ఉంటం సార్" అంది ఆ ఇల్లాలు. కొంచెం ఆగి, "మామకు ఆయాసం. రాత్రిపూట ఆవిరి పట్టే మిషన్ పెట్టాలె. కరెంటు పోతె జర పరేషాన్ అయితది" అంది.

ఇంటాయన ఆమెవైపు తిరిగాడు. "గీ ముచ్చట నాకు చెప్పలేదేంది? కింద మాకు ఇన్వర్టర్ ఉన్నది. ఒక వైరు పైకి గుంజుత తియ్యి."

నేను ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. పక్క బల్ల మీద కీబోర్డు చప్పుడు ఆగింది. ఇప్పుడేదో అంటుందని చూశాను. టైపిస్టు గ్లాసు పట్టుకుని ఇటు వంగింది. తన చాయ్‌లో సగం నా గ్లాసులో పోసి, మళ్లీ టైపు చేసుకోసాగింది.